గుండెలో మగ్గం

కుమారీ,

ఇవాళ మన పద్మజను ఉయ్యూరు ఆసుపత్రిలో చూపించాను. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, అచ్చం నీలాగే. ఆసుపత్రి డాబా మీద కొత్తగా పెద్ద డిష్ పెట్టారు. మద్రాసు డాక్టరుగారు టీవీలోంచే చూస్తారట. టీవీలో వైద్యమేమిటని విసుక్కున్నాను. తీరా ఆయన తెర మీదికి రాగానే లేచి దణ్ణం పెట్టాను.

ఇక్కడి డాక్టరమ్మ పద్మజ గుండె మీద గొట్టం ఆనించారు. ఆ చప్పుడు మద్రాసులో ఆయనకే కాదు, స్పీకర్లోంచి మాకూ వినపడింది. టక్కు, టక్కు. మధ్యలో పోగుల నడుమ నాడె జారినట్టు సర్రుమని. నీళ్ల అడుగున ఎవరో మగ్గం నేస్తున్నట్టుంది.

నీ గుండె మీద తల పెట్టుకుని, "నీ లోపలెవరో నేస్తున్నారే" అనేవాణ్ణి. "చీర ఎప్పటికి పూర్తవుతుందో అడగండి" అని నవ్వేదానివి. అది జబ్బని మనకేం తెలుసు? తెలిసి నిన్ను మద్రాసు తీసుకెళ్లేలోపే ఆ మగ్గం ఆగిపోయింది.

"కంగారేం లేదండీ, వాల్వు బాగుచెయ్యొచ్చు. ఆపరేషన్ విజయవాడలోనే. అక్కడి డాక్టర్లూ మేమూ కలిసి చూసుకుంటాం" అన్నారాయన. పద్మజ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆ చప్పుడు ఇంకొక్కసారి వినిపిస్తారా అండీ?" అని అడిగాను.

కూతురి మీద బెంగ అనుకున్నారు పాపం, మళ్లీ వినిపించారు. నేను కళ్లు మూసుకుని, నీ గుండె మీద తల పెట్టుకున్నాను.