గంజి నూలు పడవ

నాయనా,

నా రాత కోడి గీకినట్టు ఉంటుంది, తప్పులూ ఉంటాయి, కోప్పడకు. చదివింది అయిదో తరగతి దాకానే కదా.

రేపు నీ సంవత్సరీకం. అందుకే అత్తగారింటి నుంచి మన ఎమ్మిగనూరు వచ్చాను. నీ పుట్టి, ఆ బుట్ట పడవ, ఏట్లో మునిగి నువ్వు పోయినప్పటి నుంచి అమ్మ మమ్మల్ని నీళ్ల వైపు పోనివ్వదు. అయినా ఆదోని కాలేజీలో సారు వేసే మార్కుల కోసం మన చిన్నది పద్మ, తోటి పిల్లలు కలిసి చెక్క పడవ చేశారు. ఈ ఉదయం అమ్మకు చెప్పకుండా గోనెగండ్ల దగ్గర డ్యాంలో దింపారు. పడవకు కట్టిన తాడు పద్మ నా చేతికిచ్చింది.

"కొత్తపెండ్లికూతురు సిగ్గుపడి తాడు ఇడుస్తాదేమో, సూడండప్పా!" అని పిల్లలు నవ్వారు.

పద్మ ఒక్కతే ఎక్కింది. కొంత దూరం పోయాక పడవలోకి నీళ్లు వచ్చాయి. చెక్కల సందుల్లో పద్మ మన మగ్గం నూలు కూరిందట. గంజి పెట్టిన నూలు తడిసి, మెత్తబడి ఊడిపోయింది.

"లాగక్కా, లాగు!" అని గట్టు మీదివాళ్లు అరిచారు.

"లాగొద్దక్కా! తెడ్డేసుకుంటా నేనే వస్తాండా. లాగితే సారు ఒప్పుకోడు!" అని పద్మ డబ్బాతో నీళ్లు తోడుతూ కేకేసింది.

నేను లాగాను. అరచేతులు కోసుకుపోయినా ఆపలేదు.

పద్మ గట్టెక్కి, "అంతా పాడు చేసినావు గదక్కా" అని ఏడ్చింది. ఇంకా నాతో మాట్లాడలేదు. పక్క గదిలో దాని దగ్గు వినబడుతోంది, నాకు అది చాలు.

నీ పుట్టికి తాడు కట్టి గట్టున ఎవరూ నిలబడలేదు నాయనా.

అమ్మకు ఇదేదీ తెలియదు. ఆమె కంటబడకముందే ఈ కాగితం కాల్చేస్తాను.