పారిస్, వియన్నా, అమ్మవారి నవ్వు

అక్కా,

తైపేలో నేనూ, నీ మరదలు యూచినూ కులాసా. సెలవులకు పారిస్సా, వియన్నానా అని ఇరవై రెండు అంశాలు రాసి బేరీజు వేయగా వియన్నా నెగ్గింది. మాజు అమ్మవారి అనుమతి కోసం గుడిలో నెలవంక చెక్కల జత వేస్తే, మూడుసార్లూ రెండూ వెల్లకిలా పడ్డాయి. అంటే, ప్రశ్నే సరిగా లేదని అమ్మవారు నవ్విందన్నమాట.

"నవ్వదూ మరి! వదిన నూడుల్స్ కొట్టు గోడ మీద ఇరవై ఏళ్ళుగా ఏ ఊరి బొమ్మ ఉందో మీ జాబితాలో రాశారా?" అంది యూచిన్.

రాయలేదు. "అక్కను పారిస్ తీసుకువెళ్ళమంటావా తల్లీ?" అని మళ్ళీ అడిగాను. వరుసగా మూడుసార్లు ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా, అంటే అవునని పడింది.

కనుక అక్టోబరులో పదిరోజులు కొట్టు మూసివేయవలెను. "పులుసెవరు కాస్తార్రా?" అనవద్దు. పాస్‌పోర్టుకు రెండు ఫొటోలు వెంటనే పంపు. మోకాలి తైలం ఉందా, అయిపోయిందా? గోడ మీది బొమ్మ మాత్రం తీయకు. దాని పక్కన మన ఫొటో అంటించాలి.

నీ దీవెనలు కోరే తమ్ముడు,
చెంగ్‌వెన్