చీలికల ఆకు

జూన్ 4
ఫిజియోథెరపీ అమ్మాయి ఇవాళ ఒక మొక్క తెచ్చింది. పేరు మాన్‌స్టెరా అంట. పువ్వుండదు, కాయుండదు. ఆకులే, ఒక్కోటీ అరచెయ్యంత.
స్ట్రోక్ తర్వాత మా ఆవిడకి నడక తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది. కుడిచెయ్యి మాత్రం మొద్దుబారే ఉంది. ఇన్నేళ్ళూ బట్టలు కుట్టిన చెయ్యి. రోజూ ఆ చేత్తోనే తడిగుడ్డతో ఆకులు తుడవాలంట. ఊరికే వదిలేస్తే అలాగే ఉండిపోతుందంట.
నన్నొక్కదాన్ని చూసుకోడానికే ఈయనకి చేతకావట్లేదు, ఇప్పుడు దీన్ని కూడానా అంది మా ఆవిడ.

జూన్ 7
మొక్కకి బకెట్టు నీళ్ళు పోశాను. ఊరందరికీ పంపు వదిలే మనిషికి కుండీకెన్ని పోయాలో తెలీదా అని తిట్టింది. ఇల్లంతా తుడుచుకున్నాను.

జూన్ 11
తుడుస్తోంది. పట్టు తెలియట్లేదంటుంది. గట్టిగా పట్టుకున్నానా, వదులుగానా అని నన్నడుగుతుంది. చూసి చెప్తాను.

జూన్ 15, సాయంత్రం
డ్యూటీ నుంచి వచ్చేసరికి లైటు వేసుకోకుండా కూర్చునుంది. పెద్దాకు సగానికి చిరిగిపోయింది. తన చేతిలోనే. కుట్టుమిషన్ చెల్లెలికి ఇచ్చెయ్యమంది. చూద్దాంలే అన్నాను.

జూన్ 16
చెయ్యి కొంగులో దాచుకుంది. ఫిజియో అమ్మాయిని గుమ్మంలోంచే పంపేసింది.
ఆకులు నేను తుడిచాను.

జూన్ 24
కొత్తాకు వస్తోంది. సన్నగా, చాపలా చుట్టుకుని.

జూలై 1
విచ్చుకుంది. రెండు పక్కలా చీలికలు.
మా ఆవిడ చూసి గోడవైపు తిరిగి పడుకుంది. లోపల ఉండగానే నలిపేశాను, పుట్టకముందే చింపేశాను అంది. అన్నం తినలేదు.
బయటికెళ్ళి ఫిజియో అమ్మాయికి ఫోన్ చేశాను. పకపకా నవ్వింది. ఆ మొక్క జాతే అంతంట. ఎదిగేకొద్దీ ఆకు చీలికలతోనే వస్తుందంట.
వచ్చి అదే చెప్పాను. నమ్మలేదు. పెళ్ళైన దగ్గర్నుంచీ మీకు అబద్ధం అతకదు, ఇప్పుడెందుకండీ మొదలుపెట్టారు అంది.

జూలై 2, పొద్దున్నే
లేచేసరికి పక్కన లేదు. మొక్క ముందు పీటేసుకుని కూర్చుంది. కళ్ళు మూసుకుని పాతాకు చిరుగు తడిమింది. తర్వాత కొత్తాకు చీలిక. మళ్ళీ పాతది. షాపులో గుడ్డ చూసినట్టు.
నన్ను పిలిచింది. ఇదీ చిరుగంటే, గరగరలాడుతోంది. ఇది చిరుగు కాదు, అంచు మడిచి కుట్టినట్టు నున్నగా ఉంది, ఎవరో కొలత చూసుకునే కత్తిరించారు అంది. మీరు చెప్పింది నిజమే అని కూడా అంది. ఆ మాట విని చాలా ఏళ్ళయింది.
తడిమింది కుడిచేత్తో. తనింకా గమనించలేదు. నేను చెప్పలేదు. కాఫీ పెట్టొస్తానని వెళ్ళి, పాలు పొంగి స్టవ్ ఆరిపోయేదాకా అక్కడే నిలబడ్డాను.

జూలై 3
డ్యూటీకి బయల్దేరుతుంటే కాలర్ వంకరగా ఉందని ఆపింది. సరిచేస్తూ చేస్తూ తన కుడిచెయ్యి చూసుకుంది.
కాలర్ మీంచి చెయ్యి తియ్యలేదు.