ముప్పై ఆరు డబ్బాలు, ఒకే కడుపు

ప్రియమైన అక్కా,

ఫోన్‌లో నీ మాట సగం గాలికే పోతోంది. అందుకని ఈ ఉత్తరాన్ని మీ ల్యాబ్ వ్యాన్ డ్రైవరుకిచ్చి పంపుతున్నాను. ఐసు పెట్టె మీద కూర్చుని దర్జాగా వస్తుంది.

మొత్తానికి రెండో విడత ముప్పై ఆరు డబ్బాలూ నిండాయి. పదకొండు రోజులు పట్టింది. మీరేమో ల్యాబ్‌లో చల్లగా కూర్చుని "మలం నమూనా, కొద్దిగా చాలు" అని ఒక్క ముక్క రాసి పడేస్తారు. ఆ కొద్దిగా కోసం ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగానో నా మోకాళ్ళకి తెలుసు. ఒకావిడ "సూది పొడిచింది చేతికి కదమ్మా, కడుపుతో మీకేం పని?" అని నిలదీసింది. మలేరియా టీకా పడ్డాక పిల్లల కడుపులో ఉండే మంచి బ్యాక్టీరియా ఎప్పటిలాగే ఉందా, చెదిరిపోయిందా చూడాలని, అంతా బాగుంటే రెండో డోసు వేస్తామని నచ్చజెప్పాను. "వాడి బుర్రలో ఏముందో కూడా కాస్త చూసి పెట్టు" అని నవ్వి డబ్బా తీసుకుంది.

రొట్టెల దుకాణం వాళ్ళ పాప ఉంది చూడు, ఆరేళ్ళది. తన డబ్బాని రెండు చేతులతో పట్టుకుని, వీధి వీధంతా చూపిస్తూ తెచ్చింది. నాకు "డబ్బా ఆంటీ" అని పేరు పెట్టింది కూడా తనే. ఇప్పుడు ఊరంతా అదే పిలుపు. నర్సుగా ఇన్నేళ్ళు చేసి సంపాదించుకున్న బిరుదు ఇది.

వానలు పడేలోగా రెండో డోసు పూర్తి కావాలక్కా. నిరుడు ఈ జ్వరంతో మా వీధిలోనే ఇద్దరు పిల్లలు పోయారు. ఫలితాలు తొందరగా పంపించు. బావని అడిగానని చెప్పు.

నీ చెల్లి

*

ప్రియమైన చెల్లీ,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. నిన్న ఫలితాలు వచ్చాయి. కళ్ళజోడు తుడుచుకుని మూడుసార్లు చూశాను.

టీకాకి ముందు నువ్వు పంపిన ముప్పై ఆరుగురి కడుపులూ ముప్పై ఆరు రకాలుగా ఉన్నాయి. మనుషుల మొహాలు వేరైనట్టే అవీ వేరుగా ఉంటాయి. టీకా తర్వాత పంపిన ముప్పై ఆరూ ఒక్కలాగే ఉన్నాయి. మా డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. "టీకా పిల్లల కడుపుల్ని ఊడ్చేసిందా ఏమిటి?" అంది. రెండో డోసు ఆపమని అప్పటికప్పుడే కబురు పంపింది.

ఆవిడ వెళ్ళాక నేను ఒక్కదాన్నే కూర్చుని మళ్ళీ చూశాను. టీకా వల్ల ఒక రకం బ్యాక్టీరియా తగ్గవచ్చు, ఇంకోటి పెరగవచ్చు. అంతేగానీ ముప్పై ఆరుగురు పిల్లలు ఒక్క మనిషిగా మారిపోరు. ఇవి పోలిక ఉన్న కడుపులు కావు, ఒకే కడుపు. అదీ పిల్లలది కాదు, పెద్దవాళ్ళది.

పిల్లా, నాకు నిజం చెప్పు. తిరిగి తిరిగి విసుగెత్తి, ఇవ్వనివాళ్ళ వంతు నువ్వే నింపేశావా? చిన్నప్పుడు బడిలో ఆకుల ఆల్బమ్ చేసుకురమ్మంటే, ఒకే చెట్టు ఆకులు ఇరవై అతికించి ఇరవై పేర్లు రాసినదానివి నువ్వు. అప్పుడు నాన్నకి తెలియకుండా కాపాడాను. ఇప్పుడు కూడా నాతో చెబితే ఏదో ఒక దారి చూస్తాను.

నీ అక్క

*

అక్కా,

నీ ఉత్తరం ఆరోగ్య కేంద్రం మెట్ల మీదే చదివాను. డ్రైవరుని ఆపి ఇక్కడే జవాబు రాస్తున్నాను.

ఆకుల ఆల్బమ్ నాటికి నాకు తొమ్మిదేళ్ళు. ఇప్పుడు నలభై. ఈ మధ్యలో నేనేం చేశానో నీకు గుర్తుకే రాలేదా? ప్రతి డబ్బా నా చేత్తో తీసుకున్నాను. నా చేత్తోనే ట్యూబుల్లోకి ఎత్తాను. మూతల మీద ఒకటి నుంచి ముప్పై ఆరు దాకా అంకెలు వేసి, పెట్టె మీద చీటీ రాసి అంటించాను. అందులో ఒక్కటి కూడా నాది కాదు. నీ మీద ఒట్టు.

మీ దగ్గర ఏదైనా అటూ ఇటూ అయిందేమో ఒక్కసారి వెతుకు. తప్పు పట్టడం కాదు, బతిమాలుతున్నాను. ఇక్కడ వానలు ముందే వచ్చేశాయి. మురుగు కాలవలు నిండిపోయాయి, దోమలు ముసురుతున్నాయి. తల్లులు రోజూ వచ్చి రెండో సూది ఎప్పుడని అడుగుతున్నారు. వాళ్ళకి ఏం చెప్పను?

చెల్లి

*

చెల్లీ,

ఇక్కడ ఏదీ అటూ ఇటూ కాదు. పదిహేడేళ్ళుగా ఈ ల్యాబ్‌లో చేస్తున్నాను, ఒక్క ట్యూబు పోయింది లేదు.

డాక్టరమ్మ కూడా నీలాగే అడిగింది, "మన దగ్గరేమైనా మారి ఉంటాయా?" అని. "నా చేతుల మీదుగా వెళ్ళాయి మేడమ్, మారవు" అన్నాను. "అయితే సేకరించింది ఎవరు?" అంది. చెప్పాను. నువ్వు నా చెల్లివని ఆవిడకి తెలుసు. అందుకే ఇంకా గట్టిగా చెప్పాల్సి వచ్చింది. చెల్లెల్ని వెనకేసుకొచ్చిందని రేపు నలుగురూ నన్ను వేలెత్తి చూపకూడదు కదా. తప్పు సేకరణలోనే జరిగిందన్న నివేదిక మీద సంతకం పెట్టాను.

రెండు రోజులుగా మీ బావ మొహం కూడా చూడలేకపోతున్నాను. నువ్వు ఒప్పుకుంటే తేలిగ్గా వదిలేస్తారట. పంతం పట్టకు, ఒప్పుకో.

అక్క

*

అక్కగారికి,

వ్యాన్ రావడం మానేసింది కాబట్టి ఇది పోస్టులో వేస్తున్నాను.

నన్ను ఉద్యోగంలోంచి తీసేసి మూడు వారాలైంది. కేంద్రం తాళాలు ఇచ్చేసి వస్తుంటే వీధిలో ఒక్కరూ పలకరించలేదు. నేను పిల్లల డబ్బాల్లో ఏదో కలిపానని చెవులు కొరుక్కుంటున్నారు. దానికి నేను చచ్చిపోలేదు, తట్టుకున్నాను.

తట్టుకోలేనిది ఇంకొకటి జరిగింది. రొట్టెల దుకాణం పాపకి పోయిన గురువారం పొద్దున చలిజ్వరం వచ్చింది. మధ్యాహ్నానికి ఫిట్స్. వాళ్ళ నాన్న పిండి చేతులతోనే ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. నాలుగు రోజులు తెలివి లేదు. నిన్న కళ్ళు తెరిచింది. అమ్మ పిలిస్తే తల తిప్పడం లేదు. మంచం పక్కన స్టీలు పళ్ళెం పడితే వార్డంతా ఉలిక్కిపడింది, పాప మాత్రం కదలలేదు. వినికిడి పోయిందంటున్నారు. తిరిగి వస్తుందో లేదో చెప్పలేమన్నారు.

రెండో డోసు పడాల్సిన రోజు దాటి అప్పటికి పన్నెండు రోజులు. పడి ఉంటే జ్వరం వచ్చేది కాదని నేను అనలేను, ఏ టీకాకీ అంత హామీ లేదు. కానీ పడి ఉండాల్సింది. వాళ్ళమ్మ నన్ను ఒక్కటే అడిగింది: "నీ డబ్బాల వల్లే ఆపేశారట కదా?"

ఇప్పుడైనా ఒప్పుకోమంటావా?

*

ప్రియమైన చెల్లీ,

అలా పిలిచే హక్కు నాకుందో లేదో తెలియదు.

పోయిన వారం కింది అంతస్తులోని పాత ఫ్రీజర్ శుభ్రం చేయడానికి మంచు కరిగించాను. అడుగు అరలో ఒక పెట్టె ఉంది. తుడిస్తే నీ రాత కనిపించింది: "రెండో విడత, ముప్పై ఆరుగురు." ముప్పై ఆరు ట్యూబులూ అందులోనే ఉన్నాయి, ఒక్కటి కూడా విప్పలేదు. అక్కడే నేల మీద కూర్చుని మూతల మీద అంకెలు ఒక్కొక్కటీ చూశాను.

నీ పెట్టె వచ్చిన వారం పెద్ద ఫ్రీజర్ పాడైంది. అన్నీ కరిగిపోతాయన్న కంగారులో నేనొక్కదాన్నే పెట్టెలన్నీ కిందికి మోశాను, బాగయ్యాక మళ్ళీ పైకి మోశాను. చీటీల మీద మంచు పేరుకుపోయి ఉంది. అన్ని పెట్టెలూ తెల్లవే. అన్ని మూతల మీదా అంకెలే. పాత ఫ్రీజర్‌లో ముందునుంచీ పడి ఉన్న పెట్టె ఒకటి పైకొచ్చింది, నీది కిందే ఉండిపోయింది.

పైకొచ్చినది ఏమిటో తెలుసా? కొన్నేళ్ళ కిందట మెషీన్ కొత్తగా వచ్చినప్పుడు, అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడాలని ఒకే మనిషి నమూనాని పెట్టెకి పట్టే ముప్పై ఆరు ట్యూబుల్లోనూ పోసి దాచాం. ఎవరూ ముందుకు రాకపోతే నేనే ఇచ్చాను. ఇప్పుడు మళ్ళీ నాది ఇచ్చి మెషీన్‌లో పెట్టి చూశాను. సరిపోయింది.

నువ్వు నింపావని నేను సంతకం పెట్టిన ఆ ఒకే కడుపు నాదే చెల్లీ.

వెంటనే డాక్టరమ్మకి చెప్పాను. ఆవిడ నీ పెట్టె పైకి తెమ్మంది. పరీక్షించాం. ముప్పై ఆరూ ముప్పై ఆరు రకాలు, ఎవరివి వాళ్ళవే. టీకా వాటిని కదిలించనే లేదు. సోమవారం నుంచి రెండో డోసు వేస్తారు. నీ ఉద్యోగం నీకు ఇచ్చేస్తున్నారు. తప్పు నాదని నా సంతకంతో రాసిన కాగితం మీ కేంద్రం తలుపుకి అంటిస్తారు. నన్ను పక్కన పెట్టారు, పెట్టాలి కూడా.

పాప గురించి ఉత్తరంలో కాదు, ఎదురుగా చెప్పుకోవాలి. ఆదివారం వస్తాను. నువ్వు తలుపు తీయకపోతే బయటే ఉంటాను.

అక్క

*

అక్కా,

పెట్టె ఎవరి చేతిలోనైనా మారుతుంది. దానికి నిన్ను ఒక్క మాట కూడా అనను. డాక్టరమ్మ అడిగినప్పుడు, కింది అంతస్తుకి వెళ్ళి రావడానికి పది నిమిషాలు పట్టేది. ఆ పది నిమిషాలు నా కోసం పెట్టలేకపోయావు. దాని గురించి మాత్రం ఇప్పుడే మాట్లాడలేను, నన్ను అడగకు.

తలుపు తీస్తాను. నీ పక్క వేసి ఉంటుంది.

సోమవారం పొద్దున్నుంచి నేను సూదులతో తిరుగుతాను. నువ్వు రొట్టెల దుకాణానికి వెళ్ళు, పాపని ఇంటికి తెచ్చేశారు. వాళ్ళమ్మా నాన్నలకి ఏం చెప్పుకుంటావో చెప్పుకో. పాప దగ్గర మాత్రం పక్కన కూర్చుని మాట్లాడకు. మొహాలు చూసి మాటలు పోల్చుకోవడం ఇప్పుడిప్పుడే మొదలుపెట్టింది. ఎదురుగా, వెలుతురులో కూర్చో. ఏడుస్తే పెదవులు వణికి దానికి ఏమీ అర్థం కాదు. ఏడవకుండా, నెమ్మదిగా చెప్పు.

చెల్లి