ఏరిన రాయి

6 డిసెంబరు 1981, ఆదివారం

కూర్మారావు పొద్దున్నే స్కూటర్ మీద సోనారిలో మా ఇంటికి వచ్చి భోజనానికి పిలిచాడు. టాటానగర్‌లో గూడ్స్ బండి గార్డు వాడు. ఊరికే పిలిచే రకం కాదు, ఏదో ఉందనుకున్నాను. ఉంది. వాడి బావమరిది ఆదిబాబు ఎనిమిదేళ్లకి సెలవు మీద వచ్చాడు. డెబ్భై మూడులో ఎలక్ట్రీషియన్‌గా జాంబియా వెళ్లినవాడు. పక్కనున్న జింబాబ్వేకి పోయిన ఏడాది స్వాతంత్ర్యం వచ్చాక అక్కడికి మారాడు. చిసోరో కాపర్ అనే రాగి గనిలో పని.

బాగ్‌బేరాలో వాడి రైల్వే క్వార్టర్లో కోడికూర, గారెలు. చేతులు కడుక్కున్నాక ఆదిబాబు ఒక చిన్న చెక్కపెట్టె తెరిచి, దూదిలోంచి రాయి తీశాడు. పిడికిలి కన్నా కాస్త పెద్దది. ఆకుపచ్చ. అలాంటి ఆకుపచ్చ నేను పుస్తకంలో చూశాను గాని చేత్తో పట్టుకోలేదు.

కంపెనీ కొత్త షాఫ్ట్ తవ్వుతోందట. అందుకు షేర్లు అమ్ముతోంది, పనివాళ్లకి తక్కువ ధరకి. మనం డబ్బిస్తే తన పేరు మీద కొంటాడు. ఇక్కడిచ్చిన డబ్బు పలాసలో వాళ్లమ్మ ఇల్లు కట్టుకోవడానికి పనికొస్తుంది, అక్కడ తన జీతంలోంచి షేర్లు. ఏడాదిలో డబల్ అవుద్ది బావా, పక్కా, అన్నాడు.

కూర్మారావు ఆ రాయి నా చేతిలో పెట్టాడు. నువ్వు సూసి సెప్పు బావా, నీ కాడ రాయి అబద్దమాడదు గదా, అన్నాడు.

8 డిసెంబరు

ఇరవై ఆరేళ్లుగా ఉక్కు కర్మాగారంలో నా పని ఇదే. గనుల నుంచి వచ్చిన వ్యాగన్ ఎక్కుతాను. పైపొర పక్కకి తోసి, జానెడు లోతు తవ్వి, తొమ్మిది చోట్ల తొమ్మిది పారల ఖనిజం తీయిస్తాను. అది దంచి, కుప్ప పోసి, అణిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండూ పారేస్తాం. మిగిలింది మళ్లీ కుప్ప. అలా వ్యాగన్ మొత్తం చివరికి ఒక చిన్న కవరులోకి వస్తుంది. ఆ కవరు లాబ్‌కి పోతుంది. అంకె మీద డబ్బు చెల్లిస్తారు. తొమ్మిదికి బదులు ఎనిమిది చోట్ల తీసిన రోజు నా సర్వీసులో లేదు.

అన్నీ ఇనుపరాళ్లు, సున్నపురాళ్లు. రాగి ముట్టుకున్నది లేదు. ఈ రాయి పరీక్ష చేసుకోనా అని లాబ్ ఇన్‌చార్జిని అడిగితే నవ్వి, షిఫ్ట్ అయ్యాక చేసుకో అన్నాడు.

9 డిసెంబరు, సాయంత్రం 5

రాయి మూల కొంచెం కొట్టి నూరాను. యాసిడ్‌లో కరిగించాను. టైట్రేషన్ మూడుసార్లు చేశాను. చివరి చుక్కకి నీలం విరిగి పాలరంగు వచ్చింది. మూడుసార్లూ దాదాపు ఒకే చోట.

రాగి నూటికి 14.62.

గని నడవడానికి నూటికి రెండు చాలంటారు. బ్యురెట్ కడుగుతూ ఈల వేశాను. నలభై ఎనిమిదేళ్లవాడిని, చిన్నపిల్లాడిలా.

13 డిసెంబరు, ఆదివారం

ఈ రోజు వివరంగా రాయాలి.

కూర్మారావు ఇంట్లో కూర్చున్నాం. తోమాస్ మాస్టారు కూడా వచ్చారు. ఆయనది కాకినాడ వైపు, మిషన్ స్కూల్లో లెక్కలు చెబుతారు. రేడియోలో లండన్ వార్తలు రోజూ వింటారు, కలకత్తా పేపర్లో రాగి ధర చూస్తారు. ఆదిబాబు తెచ్చిన కంపెనీ రిపోర్టు నాలుగు రోజులు తన దగ్గర పెట్టుకుని చదివారు. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు.

మాస్టారి అనుమానాలు ఒకటి కాదు. రాగి ధర రెండేళ్లుగా దిగుతూ వస్తోందండీ, అన్నారు. కొత్త ప్రభుత్వం రేపు గనులన్నీ తీసేసుకుంటే మన గతేంటి అన్నారు. సరుకు సముద్రం చేరే రైలు దారి పక్క దేశంలోంచి పోతుంది, అక్కడ వంతెనలు పేల్చేస్తున్నారు అన్నారు. దీనికి మాత్రం కూర్మారావుకి కోపం వచ్చింది. లైనన్నాక పోద్ది, మళ్లీ ఏత్తారు, మన చక్రధర్‌పూర్ లైను ఎన్నిసార్లు కొట్టుకుపోనేదు, అన్నాడు. మన దేశంలో ఉన్నవాళ్లం రిజర్వ్ బ్యాంక్ పర్మిషన్ లేకుండా బయట షేర్లు కొనకూడదండీ అని కూడా అన్నారు మాస్టారు. షేర్లు నా పేరు మీద గదండీ, మీకేటి, అన్నాడు ఆదిబాబు.

చివరగా మాస్టారు రిపోర్టులో ఒక పేజీ తిప్పి చూపించారు. షాఫ్ట్ ఎంత లోతో రాశారు, ఆ అడుగున రాయిలో రాగి ఎంతో మాత్రం రాయలేదేమండీ, అన్నారు.

అందరూ నావైపు చూశారు. పద్నాలుగు పాయింట్ ఆరు రెండు అన్నాను.

ధర, ప్రభుత్వం, వంతెనలు, రిజర్వ్ బ్యాంక్, అన్నీ ఆ అంకె కింద పడుకున్నాయి. మాస్టారు రిపోర్టు మూసేసి, అయితే నాదీ ఐదొందలు రాసుకోండి అన్నారు. నాకు బాగుంది. నా డైరీలో నాకు సిగ్గెందుకు, చాలా బాగుంది. ఎవరి గని రాళ్ల మీదో ఇరవై ఆరేళ్లు మోకాళ్ల మీద కూర్చున్నవాడిని. నాకూ ఒక గనిలో కాస్త వాటా ఉంటే ఏం పోయింది?

టీ గ్లాసులు తీయడానికి ధనమ్మ వచ్చింది. చినబాబు భార్య. చినబాబు పాయింట్స్‌మన్, నిరుడు రైల్వే యార్డులో బండ్ల మధ్య పడి చనిపోయాడు. పాపం, మార్చి లోపు క్వార్టర్ ఖాళీ చేయాలి. నష్టపరిహారం పోస్టాఫీసులో వేసి, బాగ్‌బేరాలోనే కొంచెం జాగా బేరం చేసుకుంది. జనవరిలో రిజిస్ట్రీ. ఆ డబ్బు తప్ప ఆమెకి ఇంకేం లేదు, ఇడ్లీలు వేసి అమ్ముకుంటోంది. ఏడాది అద్దెగదిలో ఉండి, డబల్ అయ్యాక జాగాతో పాటు గోడలు కూడా లేపుకోవచ్చని కూర్మారావు పెళ్లాం చెప్పిందట.

గుమ్మంలోనే నిలబడి, అన్నియ్యా, నాను కూడా ఎయ్యొచ్చా, అని అడిగింది. నన్నే అడిగింది.

వెయ్యొచ్చమ్మా అన్నాను.

17 డిసెంబరు

పనిలో గొడవ. సున్నపురాయి సప్లయర్ మనిషి ఒకడు రుమాల్లో రాయి మూట కట్టుకుని లాబ్‌కి వచ్చాడు. సాబ్, హమారా మాల్ దేఖియే, ఏక్ నంబర్, మా సరుకు మేలురకం చూడండి, అంటాడు. ఆ రుమాలు వాడి చేతిలోనే పెట్టి, ఇది నువ్వు ఏరిన రాయి, వ్యాగన్ రానీ, రాయి నేను ఏరుతాను అని హిందీలో గట్టిగానే కసిరాను. లాబ్‌లో అందరూ నవ్వారు. మంచి పని చేశాను.

19 డిసెంబరు

నా మూడు వేలు కూర్మారావుకి ఇచ్చాను. మా ఆవిడ జానకికి చెప్పలేదు.

20 డిసెంబరు

చెప్పాను. నీ పేర కాయితం నేని గని ఏటి గని, అంది. మధ్యాహ్నం కూరలో ఉప్పు లేదు. నేనూ అడగలేదు.

23 డిసెంబరు

ధనమ్మ పోస్టాఫీసు పుస్తకం ఖాళీ చేసి మొత్తం కూర్మారావుకి ఇచ్చేసిందట. జాగా ఆసామికి ఏడాది ఆగమని చెప్పిందట. ఆదిబాబు మంగళవారం బండికి పలాస వెళ్లి, అక్కణ్ణుంచి బొంబాయి మీదుగా వెనక్కి పోతాడు.

27 డిసెంబరు, ఆదివారం

రాయడానికి మనసు రావడం లేదు. రాస్తాను.

జుగ్సలాయి బజారుకి వెళ్లాను. బియ్యం కొట్టు దగ్గర ధనమ్మ కనిపించింది. ఇడ్లీకి ఉప్పుడు బియ్యం బేరం చేస్తోంది. కొట్టువాడు బస్తా మూతి విప్పి, పైన తెల్లగా ముత్యాల్లా ఉన్నవి దోసిట్లో పోసి చూపించాడు. ఆమె వాటివైపు చూడనైనా చూడలేదు. కొంగు నడుముకి దోపి, చెయ్యి మోచేతి దాకా బస్తాలోకి దించి, అడుగునుంచి గుప్పెడు తీసింది. ఇంకో పక్క నుంచి ఇంకో గుప్పెడు. అరచేతిలో పరిచి ఊదింది. సగం నూకలు. లే, నై చాహియే, అని బస్తాలో పోసేసింది.

నన్ను చూసి నవ్వింది. పైన సూపించింది ఎవులు కొంతారన్నియ్యా, అంది.

నేను అక్కడే నిలబడిపోయాను. సున్నపురాయివాడి రుమాలు గుర్తొచ్చింది.

మరి గనికి డబ్బెలా ఇచ్చేశావమ్మా అని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు, జవాబు నాకు తెలుసు.

మీరు సెయ్యి ఎట్టి సూసేరు గదా, అందుకే నాను సూడనేదు, అంది.

28 డిసెంబరు

ఆదిబాబుని పట్టుకుని అడిగాను. ఈ రాయి ఎవరు ఏరారు? మేనేజరు టేబుల్ మీద అలాంటివి ఓ గంపెడు ఉంటాయట. చూడ్డానికి వచ్చిన వాళ్లకి ఒక్కొక్కటి పెట్టెలో పెట్టి ఇస్తారట. చెక్కపెట్టె మీద కంపెనీ గుర్తు కూడా ఉంది, నేనే చూడలేదు. నువ్వు గనిలోకి ఎప్పుడైనా దిగావా అన్నాను. నాను పైన వర్క్‌షాపులో బావా, మోటార్లు సుడతాను, కిందికెప్పుడూ దిగనేదు, అన్నాడు. మోసగాడు కాదు. వాడూ మూడేళ్లుగా కూడబెట్టిన జీతం అందులో పెట్టాడు. నాలాగే నమ్మాడు.

నేను చేసిన పరీక్షలో తప్పు లేదు. రెండు దశాంశాల దాకా నిజం. ఆ రాయిలో రాగి 14.62. గనిలో ఎంతో నాకు తెలియదు. ఎవరికీ చెప్పుకోలేని తప్పు ఇది, మా లాబ్‌లో కొత్తగా చేరినవాడు కూడా చేయడు. మనవాళ్లు నా చేతిలో పెట్టారు కాబట్టి చేశాను. నాకు కావాలి కాబట్టి చేశాను.

29 డిసెంబరు, మధ్యాహ్నం 3

స్టేషన్ నుంచి ఇప్పుడే వచ్చాను.

ప్లాట్‌ఫాం మీద కూర్మారావు, మాస్టారు, ధనమ్మ, అందరూ ఉన్నారు. బండికి ఇంకా అరగంట. అందరి ముందూ చెప్పాను. నా మాట తప్పు, ఆ రాయి ఏరినది, దాన్ని పట్టి గని సంగతి చెప్పే హక్కు నాకు లేదు, ధనమ్మ డబ్బు వెనక్కి ఇచ్చేయండి అన్నాను. గొంతు బాగా లేచిందనుకుంటాను, పక్కన కూలీలు తిరిగి చూశారు.

కూర్మారావు ముఖం ఎర్రబడింది. ముందు నువ్వే సరే అన్నావు, ఇప్పుడు నువ్వే కాదంటన్నావు, నీకేటయింది బావా, అన్నాడు. గని మంచిదే అయితే ఈ మనిషి నోటికాడిది తీసినవాడివి అవుతావు, అన్నాడు. అది నిజమే. గని మంచిదో కాదో ఈ రోజుకీ నాకు తెలియదు, తెలియదని మాత్రమే తెలుసు. అదే చెప్పాను.

మాస్టారు తన ఐదొందలు అడిగి తీసుకున్నారు. ధనమ్మ నావైపు చూసింది. నాకు తల ఎత్తాలనిపించలేదు. మరయితే నాది ఇచ్చీయి బాబూ, అంది ఆదిబాబుతో. వాడు బెంచీ మీద సూట్‌కేస్ తెరిచి, ఆమె కట్ట కట్టిన రిబ్బన్‌తో సహా తీసి ఇచ్చాడు.

నీది కూడా తీసుకో మరి, అన్నాడు కూర్మారావు నాతో. నవ్వుతూనే అన్నాడు.

తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో ఇంటికి వచ్చే దారంతా ఆలోచించాను. ధనమ్మ విషయంలో నాకు తెలివి వచ్చింది. నా విషయంలో రాలేదు. ఇంకా ఆ ఆకుపచ్చ కళ్లలోనే ఉంది.

రాయి ఆదిబాబుకి ఇవ్వబోతే వద్దన్నాడు. ధనమ్మ చెయ్యి చాపి తీసుకుంది. ఊరికే పారెయ్యడమెందుకు, దేనికో దానికి పనికొత్తాది, అంది.

30 డిసెంబరు

జానకికి అంతా చెప్పాను. మిగతా వాళ్లవి ఇప్పించి నీది వదిలీసేవా, అంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండును.

18 జనవరి 1982

ధనమ్మ జాగా రిజిస్ట్రీ అయింది. సాక్షి సంతకం నాది. నా సంతకం ఎందుకమ్మా అంటే, మీదే కావాల, అంది.

7 ఆగస్టు 1983

కూర్మారావు వచ్చాడు. వరండాలో కూర్చుని వానకి తడిసిన తల తుడుచుకున్నాడు. తర్వాత జేబులోంచి ఆదిబాబు ఉత్తరం తీసి ఇచ్చాడు. కొత్త షాఫ్ట్ అడుగున రాయిలో రాగి నూటికి ఒకటి కూడా లేదట. ధర కూడా పడిపోయింది. పంపులు ఆపేశారు, షాఫ్ట్ నీళ్లతో నిండిపోయిందట. ఆదిబాబు ఒక చక్కెర మిల్లులో చేరాడు.

నేనే చెప్పాను కదా అనాలనిపించలేదు. ముందు వెయ్యొచ్చు అన్నది కూడా నేనే. పోనీలే బావా, ఇద్దరం మునిగేం, ఒక్కడినే అయితే బాగోదు, అన్నాడు. జానకి ఇద్దరికీ పకోడీలు వేసింది. ఉప్పు సరిపోయింది.

21 ఆగస్టు, ఆదివారం

ధనమ్మ ఇంటికి వెళ్లాను. ఇడ్లీల డబ్బుతో ఒక్కో గోడా లేపుకున్న రెండు గదులు, పెంకులు, సున్నం ఇంకా ఆరలేదు. గాలికి వీధి తలుపు కొట్టుకోకుండా ఆ రాయి అడ్డం పెట్టింది.

కూర్చోమంది. నేను ముందు వంగి, రాయిని తీసి, అటూ ఇటూ తిప్పి చూశాను. నేను కొట్టిన మూల తప్ప అన్ని వైపులా ఒకటే ఆకుపచ్చ. ఎంత బాగా ఏరారో.

తలుపు మూసుకుపోయింది. రాయి అక్కడెట్టీయన్నియ్యా, గాలి రానీ, అంది లోపలినుంచి.

పెట్టేశాను.