సున్నపు గీత మీద పడుగు

1946 మార్చి 4, కడప

తప్పాను. విమానం నడిపే పరీక్ష. ఇంజను బాగా తగ్గించి, రెండు వేల అడుగుల నుంచి గాలి మీదే జారి, దిగే దారి మీది సున్నపు గీత దగ్గర ఆగాలి. అంతా బాగానే వచ్చింది. తీరా చూస్తే గీత మీద పడుగు చాచి ఉంది! మా నేతగాళ్ల వీధిలో మాదిరే — తెల్లటి దారాలు బారుగా, అటూ ఇటూ మనుషులు, కుంచెలతో గంజి పూస్తూ. చేతులు వాటంతట అవే ఇంజను పెంచాయి. మళ్లీ పైకి లేచిపోయాను.

ఎందుకు లేపావని పరీక్ష పెట్టే దొర కేకలు. దారి మీద మనుషులన్నాను. కాకి కూడా లేదన్నాడు.

పడుగు దాటకూడదని చిన్నప్పటి నుంచీ నాయన చేత తిన్న తిట్లు... దొరకు ఏం చెప్పను, నా తలకాయ!

మార్చి 5

ఇంకొక్క అవకాశమే. పదహారున. అదీ తప్పితే మళ్లీ మగ్గం గుంతలోకే.

మార్చి 7

ఒకటే గుర్తొస్తోంది. విమానం నెత్తి మీదికి వచ్చినా వాళ్లలో ఒక్కరూ తలెత్తలేదు.

మార్చి 9

ఇంజన్లు చూసే ఖాదర్ మేస్త్రీకి చెప్పాను. నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు. "ఈడ నేసేటోళ్ల పల్లె ఉండె కదప్పా. యుద్ధమొచ్చినాక లేపేసి ఇమానాలు దిగేదానికి రోలరు తోలినారు. మీ నాయనకు తెలీదా యేమి?"

నాయనను అడిగాను. మగ్గం ఆపలేదు. "మా మేనత్త ఊరు." తెగిన పోగు ముడేస్తూ — "మూడు దినాల్లో పొమ్మన్నారు. చాచిన పడుగు చాచినట్టే ఇడిసిపెట్టి వచ్చిరి." ఇంకేమీ అడగనివ్వలేదు.

మార్చి 15

రేపే. రాసుకోవడానికి సిగ్గెందుకు — చచ్చే భయంగా ఉంది.

మార్చి 16

పాసయ్యాను.

పడుగు ఉంది. ఈసారి పని ఆపేసి నిలబడి ఉన్నారు. అందరూ నన్నే చూస్తున్నారు. పళ్లు బిగబట్టి, పడుగు మధ్యలోంచే దించేశాను. చప్పుడు లేదు, అదురు లేదు. సరిగ్గా గీత మీద ఆగింది. దొర చేయి పట్టుకుని ఊపాడు. సంతోషం మాత్రం రాలేదు.

అడగకుండానే ఖాదర్ మేస్త్రీ చక్రాలు చూసొచ్చాడు. "ఏం లేదప్పా, దుమ్మే." ఆ మాట అంటూ నా ముఖం చూడలేదు.

మార్చి 18

నాయన గడ్డం గీయించుకుని ఉతికిన పంచె కట్టాడు. "నన్నొకతూరి ఎక్కిచ్చుకోరా. అత్త ఊరు యాడుండెనో పైనుంచి చూడల్ల." వద్దనలేక దొరను అడిగాను. దొర సరేనన్నాడు. రేపు పొద్దున.

ఆయనకేమీ కనబడకపోతే నాకు పిచ్చి పట్టిందని అర్థం. కనబడితే... నేను దేని మీద దిగి పాసయ్యానో తెలిసిపోతుంది. అప్పుడు దిగనిస్తాడా? దిగకుండా ఎంతసేపని తిరగను?

ఈ విమానంలో నడిపేవాడు వెనక, ఎక్కినవాడు ముందు. నాకంటే ముందు ఆయనే చూస్తాడు. నాకు ఆయన వీపే కనబడుతుంది, ముఖం కనబడదు.