మట్టికి మేత

అక్టోబర్ 12
పత్తి ఏరడం ఇంకా పూర్తి కాలేదు. సాళ్ల మధ్యే రై అనే గడ్డిజాతి ధాన్యం, బఠానీ కలిపి చల్లేశాను. అత్త బీకాజాన్ గట్టు మీద నిలబడి, ఏరుతుండగానే చేలో మళ్లీ విత్తే కోడలు ఖోరెజ్మ్ ప్రాంతం మొత్తానికి నువ్వొక్కదానివే అంది. నవ్వాను. పత్తి తినగా మిగిలిన యూరియా ఏటా ఉప్పు కడగడానికి చలికాలంలో పెట్టే నీళ్లతో కాలవపాలవుతోంది. ఈసారి రై వేళ్లు దాన్ని పట్టి దాస్తాయి. వసంతంలో రైని మట్టిలో కలిపి దున్నేస్తే అది మళ్లీ పత్తికే దక్కుతుంది.

మార్చి 23
కొత్త ఏడాది పండగ నౌరోజ్ అయిపోయింది. చుట్టుపక్కల చేలన్నీ ఉప్పు పూసి తెల్లగా ఉన్నాయి. మాది పచ్చగా ఉంది. మా ఆయన మత్‌యాకుబ్ ఫోటో తీసి ఊరందరికీ పంపాడు.

ఏప్రిల్ 14
బావగారు ఎగంబెర్గన్ కొడవలి పట్టుకుని వచ్చారు. ఆయన ఆవులకు మేత అయిపోయింది. అత్త ఆయన పక్షమే. నోరున్న జీవాలు పస్తుంటే పచ్చమేత పూడ్చిపెట్టడం పాపమంది. నాకూ వాటిని చూస్తే జాలే. గట్టు వెంట ఉన్నది కోసుకోమన్నాను. చేలోది ఇవ్వనన్నాను.
"అయితే మట్టిని మేపుతావా అమ్మాయ్?"
"అవును బావగారూ. అదీ ఆకలి మీదే ఉంది."
గట్టు మీది మేత కోసుకుని వెళ్లారు. రాత్రి అత్త నేను కాల్చిన రొట్టె ముట్టలేదు.

ఏప్రిల్ 22
ట్రాక్టర్ ఆలస్యంగా వచ్చింది. రై కాడలు ముదిరాయి. అయినా మట్టిలోకి దున్నించి పత్తి విత్తాం.

జూన్ 3
పత్తి మొక్కలు పాలిపోయాయి. నాకు భయం లేదు. ముదురు కాడల్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మట్టిలోని సత్తువతో ముందు తమ కడుపు నింపుకుంటాయి, తర్వాతే మొక్కకు వదుల్తాయి. మా ఆయనకి ఎంత చెప్పినా ఎక్కలేదు. యూరియా బస్తా తెచ్చి గుమ్మంలో పెట్టాడు. పంట పోతే సర్కారు ఇచ్చిన కౌలు రద్దవుతుంది, అప్పుడెక్కడికి పోతామన్నాడు. ఆ మాటకి మాత్రం నాకూ భయమేసింది. అయినా బస్తా విప్పనివ్వలేదు.

జూన్ 8
బావగారు వచ్చి చూసి, ఆవులకి వేసుంటే పాలైనా ఇచ్చేవన్నారు.

జూన్ 19
పత్తి రంగు తిరిగింది! ముందు కాలవ పక్కన, ఇవాళ చేనంతా. మొక్క మొదట్లో తవ్వి చూశాను. రై కాడ నా చేతికి తగలగానే పొడైపోతోంది, చుట్టూ వానపాములు. మా ఆయన బస్తా భుజానికెత్తుకుని అన్నగారి చేనుకి తీసుకెళ్లాడు. ఎరువు చాలక ఆ చేలో పత్తి ఇంకా పసుపుగానే ఉంది.

జూన్ 20, పొద్దున్నే
అత్త చేలో కూర్చుని చిటికెడు మట్టి నోట్లో వేసుకుంది. చప్పరించి ఉమ్మేసింది. ఉప్పు తగ్గిందంది.